శాస్త్రి గారి జనవరి ఒకటి

ఒక పెళ్లి సంబంధాన్నీ, ఒక పెద్దమనిషి పరువునీ, నిక్షేపంగా పనిచేస్తున్న ఒక కంప్యూటర్‌నీ ఒకే ఆదివారం పూట ముంచబోయిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మచ్చబొల్లారం రండి. మా కాలనీలో ఎవర్నడిగినా మా ఇల్లు చూపిస్తారు. చూపించే ముందు కాసేపు నవ్వుకుంటారు, అది పట్టించుకోకండి. ఆ ఆదివారం గడిచి చాలా కాలమైనా వాళ్లకి ఇంకా కొత్తగానే ఉంది. నిజం చెప్పాలంటే నాక్కూడా.

ముందు నా గొప్పతనం కొంత చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన పతనం అర్థం కాదు. కండ్లకోయలో ఒక కంపెనీలో నెట్‌వర్కు విభాగంలో పనిచేస్తాను. నెట్ రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెప్పడం నా ఉద్యోగం. ఫోన్ చేసినవాళ్లలో సగం మందికి "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి" అంటే సరిపోతుంది. మిగతా సగం మందికి అదే మాట ఇంకొంచెం గంభీరంగా చెప్పాలి. ఇంత విద్య చేతిలో ఉన్నవాడు ఆదివారాలు ఊరికే ఎలా కూర్చుంటాడు? కాలనీలో ఎవరింట్లో వైఫై డబ్బా మీద ఎర్ర దీపం వెలిగినా పిలవకుండానే వెళ్లిపోయేవాణ్ణి. కూరగాయలకి వెళ్లేటప్పుడు కూడా జేబులో స్క్రూడ్రైవర్ ఉండేది. వంకాయలకి స్క్రూలుండవని మా ఆవిడ చాలాసార్లు చెప్పి చూసింది.

మా వెనక సందులో శాస్త్రి గారుంటారు. మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ముహూర్తాలు పెడతారు, జాతకాలు వేస్తారు. కాలనీలో గృహప్రవేశానికైనా, సూరారంలో పెళ్లి మాటలకైనా ఆయన దగ్గరికే వస్తారు. ఆయన తండ్రి గారు జాతకాలు చేత్తో రాసేవారట. శాస్త్రి గారు మాత్రం చాలా ఏళ్ల కిందటే ఒక కంప్యూటరూ, జాతకాలు వేసే ఒక సాఫ్ట్‌వేరూ కొనుక్కున్నారు. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే చక్రాలతో సహా జాతకం తెర మీద ప్రత్యక్షమయ్యేది. ఆ కంప్యూటర్‌ని మీరు చూడాలి. మానిటరు వెనక్కి మూరెడు పొడుగుంటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు ముదిరిన దోసకాయ రంగుకి వచ్చింది. ప్రతి దసరాకీ పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని దాని నుదురు గట్టిపడిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే శాస్త్రి గారు ఫోన్ చేశారు. సంగతేమిటంటే, సూరారం నుంచి బాలమణి అనే ఆవిడ తన కూతురు మౌనిక జాతకం, అబ్బాయి జాతకం కలిశాయో లేదో చూడమని వారం కిందట వచ్చింది. శాస్త్రి గారు కంప్యూటర్లో చూసి, బాగా కుదిరాయి అమ్మా, నిశ్చింతగా ఉండు అన్నారు. ఆ పిల్లా పిల్లాడూ ఒకే మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. ఒకరంటే ఒకరికి ఇష్టం. పెద్దవాళ్లు కూడా మెత్తబడ్డారు, ఒక్క పెద్దాయన తప్ప. అబ్బాయి పెద్దనాయిన మల్లయ్య గారిది శామీర్‌పేట. జాతకాలు కాగితం మీద కళ్లారా చూస్తే గానీ మాట ఇవ్వనన్నాడు. ఆదివారం సాయంత్రం శాస్త్రి గారింటికే వస్తానన్నాడు. చూస్తే సరే, లేకపోతే మర్నాడు తుర్కపల్లిలో ఇంకో సంబంధం చూడ్డానికి వెళ్లిపోతానని కూడా అన్నాడు.

ఇంతలో శాస్త్రి గారి ప్రింటర్ కన్ను మూసింది. సందు చివర ప్రింట్లు తీసే దుకాణం ఉంది. అక్కడికి జాతకం పంపించాలి. పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రాలు రెండే, ఒకటి విరిగిపోయింది, రెండోదాంట్లో మౌసు కాపురముంటోంది. కాబట్టి కంప్యూటర్‌కి నెట్ పెట్టి మెయిల్లో పంపిద్దాం అన్నాను. ఫోన్ కోసమని ఆయనింట్లో వైఫై డబ్బా ఎలాగూ ఉంది. ఒక వైరు గుచ్చితే అయిపోయే పని.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. తెర మీదున్న జాతకాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పంపితే సరిపోయేది కదా? సరిపోయేది. ఆ మాట ఆ పూట నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేవాణ్ణి కాదు. పదేళ్ల అనుభవమున్న నెట్‌వర్కు మనిషిని పిలిపించి ఫోటో తియ్యమంటారా?

నేను వెళ్లేసరికి శాస్త్రి గారు పక్క వీధిలో గృహప్రవేశానికి బయల్దేరుతున్నారు. చెప్పులు వేసుకుంటూ ఒక మాట అన్నారు.

"బాబూ, నెట్ ఒక్కటే పెట్టండి. లోపల ఉన్నవి ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వండి. దేన్నీ సరిచెయ్యకండి."

పెద్దవాళ్లు కంప్యూటర్ల విషయంలో ఇలాగే భయపడతారు అనుకుని, మీరు నిశ్చింతగా వెళ్లి రండి అన్నాను. సరిచెయ్యకండి అన్న మాటని ఆయన ఎంత ఒత్తి పలికారో ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు నా చెవులు నా అనుభవంతో మూసుకుపోయి ఉన్నాయి.

వైరు గుచ్చాను. డబ్బా మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. నెట్ మాత్రం రాలేదు. ఏ పేజీ తెరిచినా, ఇది సురక్షితం కాదు, వెనక్కి వెళ్లు అని హెచ్చరిక వచ్చింది. మెయిల్ పేజీ అంతే, వార్తల పేజీ అంతే, చివరికి మా కంపెనీ పేజీ కూడా సురక్షితం కాదంది. నాకు రోషమొచ్చింది.

వైరు మార్చాను. డబ్బాని పడుకోబెట్టాను, నిలబెట్టాను. అవతలి కంప్యూటర్‌ని ఉన్నావా అని పలకరించే ఆదేశం ఒకటుంటుంది, అది కొట్టాను. ఉన్నానంటోంది. ఉండి కూడా పలకనంటే ఏమనుకోవాలి? అంకెల చిరునామాలు మార్చాను. వైరస్‌ల కాపలా సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి తీసేశాను. చివరికి తప్పు నెట్ ఇచ్చేవాళ్లదేనని నిర్ధారించి వాళ్లకి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి చాలా ఓపికగా, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి సార్ అంది. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నానమ్మా అన్నాను. అలాగా సార్ అని, మళ్లీ అదే మాట ఇంకొంచెం గంభీరంగా అంది.

చచ్చినట్టు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. అది నెమ్మదిగా లేస్తుంటే చూస్తూ కూర్చున్నాను కాబట్టి, ఆ పొద్దున మొదటిసారి తెర కింది మూలన ఏముందో నా కంటపడింది. తేదీ జనవరి ఒకటి. ఏడాది చూస్తే పదిహేనేళ్ల కిందటిది.

ఆ క్షణంలో నా ఆనందం ఏమని చెప్పను. పాత కంప్యూటర్లలో లోపల బొత్తాం అంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీని గుర్తుపెట్టుకోవడం దాని పని. అది చచ్చిపోతే ఆపి ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటర్ తను పుట్టిన ఏడాది జనవరి ఒకటికి వెళ్లిపోతుంది. ఈ రోజుల్లో ప్రతి వెబ్‌సైటూ నేను ఫలానా అని ఒక గుర్తింపు పత్రం చూపిస్తుంది, దాని మీద ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. పదిహేనేళ్లు వెనకబడ్డ కంప్యూటర్‌కి ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టని మనుషుల గుర్తింపు కార్డుల్లా కనిపిస్తాయి. నమ్మకపోవడంలో దాని తప్పేముంది?

పాపం శాస్త్రి గారు, ఊరందరికీ తిథి వార నక్షత్రాలు చెప్పే మనిషి ఇంట్లో ఏడాదే తప్పుగా ఉందే అని జాలిపడ్డాను. అప్పటికప్పుడు బండి తీసి మేడ్చల్ వెళ్లాను. బజార్లో గడియారాలు బాగుచేసే దుకాణంలో బొత్తాం బ్యాటరీ దొరికింది. తిరిగొచ్చి కంప్యూటర్ పొట్ట విప్పి, దుమ్ము ఊది, కొత్త బ్యాటరీ బిగించాను. తేదీ సరిచేశాను. పేజీ తెరిచాను. మెయిల్ పేజీ చక్కగా, నిండుగా, ఏ హెచ్చరికా లేకుండా వచ్చింది.

అప్పటికి బాలమణి వచ్చి వసారాలో కూర్చుంది. చేతిలో సర్వపిండి రొట్టెలున్న స్టీలు డబ్బా. ఆవిడకి నా విజయం వర్ణించి, ఇక నిమిషాల్లో మీ అమ్మాయి జాతకం కాగితం మీద ఉంటుందని చెప్పి, జాతకాల సాఫ్ట్‌వేర్ తెరిచాను.

వినాయకుడి బొమ్మ రావాల్సిన చోట ఒక పెట్టె వచ్చింది. అందులో రెండు వాక్యాలున్నాయి. మీ గడువు ముగిసింది. కంపెనీని సంప్రదించండి.

కంపెనీ నంబరు కిందనే ఉంది. సంప్రదించాను. ఎవరో బిర్యానీ సెంటర్ వాళ్లు ఎత్తి, ఎన్ని కావాలని అడిగారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది, నంబరు చేతులు మారింది. సరే, తేదీని మళ్లీ వెనక్కి పెడితే పోలా అనుకున్నాను. పెట్టాను. పెట్టె పోలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక గుణముంది. గడువు ముగిసిందని ఒకసారి రాసుకుందంటే, తర్వాత ఏ తేదీ చూపించినా నమ్మదు. కొత్త బ్యాటరీ పీకేశాను. పాతది మళ్లీ పెట్టాను. కుంకుమ బొట్టుకి దణ్ణం కూడా పెట్టాను. ఏం లాభం లేకపోయింది.

శాస్త్రి గారు తాంబూలం సంచీతో లోపలికొచ్చారు. ఆయన నా మొహం చూడలేదు. తిన్నగా తెర మూలకి చూశారు. తర్వాత బల్ల మీదున్న కొత్త బ్యాటరీని చూశారు.

"తేదీ మార్చారా బాబూ?"

"తప్పుగా ఉందండీ. సరిచేశాను."

ఆయన సంచీ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. కోప్పడతారేమోనని ఎదురు చూశాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"తప్పుగా ఉందని నాకు తెలుసు," అన్నారు నెమ్మదిగా. "పదేళ్లుగా తెలుసు."

అప్పుడు చెప్పారు సంగతి. ఆ సాఫ్ట్‌వేర్‌కి కొన్నేళ్ల గడువే ఉందట. అది ముగియబోయే ముందే కంపెనీ మూతబడింది. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటుండగా, కంప్యూటర్ లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. మర్నాడు ఆన్ చేస్తే పాత జనవరి ఒకటి. ఆ మర్నాడూ అంతే. బయట గడువు దాటిపోయింది, లోపల మాత్రం ఎప్పటికీ రాలేదు. బ్యాటరీ చావడం వల్ల సాఫ్ట్‌వేర్ బతికింది. ఇది దైవకృప అనుకుని ఆయన ఆ బ్యాటరీని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నెట్ అంటేనే భయపడి ఇన్నాళ్లూ కంప్యూటర్‌కి దూరంగా ఉంచారు. నేను అరపూటలో ఆ కృపని పూర్తిగా బాగుచేసేశాను.

మీకు నవ్వొస్తోందేమో. నాకు ఆ పూట రాలేదు. పదేళ్లపాటు ఒక ఇంట్లో కాలం ఒకే రోజున ఆగి ఉందంటే దానికో కారణముంటుందని, ఆ కారణం అక్కడే చెప్పులేసుకుంటూ నిలబడి ఉండగా ఒక్క మాట అడిగితే సరిపోయేదని నాకు తోచలేదు. తప్పు కనిపిస్తే దిద్దెయ్యడమే నా చదువు నేర్పింది. ఎందుకలా ఉంది అని అడగడం ఏ పరీక్షలోనూ రాలేదు.

గుమ్మం దగ్గర బాలమణి మొత్తం వింది. ఆవిడకి అర్థమైంది ఒక్కటే. సాయంత్రం మల్లయ్య వస్తాడు, చూపించడానికి కాగితం లేదు.

"సారూ, బాగ జేస్తనని జెప్పి ఉన్నది ఖరాబ్ జేసిన్రు. ఇగ నా బిడ్డకు నేనేం జెప్పాలె?" అంది. గట్టిగా కూడా అనలేదు. స్టీలు డబ్బాని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

అప్పుడు నేను ఇంకో గొప్ప సలహా ఇచ్చాను. జాతకాలు కుదిరాయని వారం కిందట మీరు చూశారు కదండీ, ఆ మాటే ఒక కాగితం మీద రాసిచ్చేస్తే పోదా అన్నాను. శాస్త్రి గారు నా వైపు తలతిప్పి చూశారు.

"కుదిరాయన్న మాట గుర్తుంది. చక్రం గుర్తులేదు. చూడనిది రాయను," అన్నారు.

లేచి, మంచం కిందనుంచి ఇనప్పెట్టె లాగారు. అందులో పాత పంచాంగాలు, ఏ ఏడాదికా ఏడాది విడిగా, గుడ్డల్లో చుట్టి ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున వాళ్ల నాన్న గారి కలమూ, గళ్ల పలకా ఉన్నాయి. తుడిచిన పలకనే మళ్లీ మళ్లీ తుడిచారు. తర్వాత ఎప్పుడో ఒకసారి ఆయనే నాతో చెప్పారు, ఆ పూట భయపడింది మల్లయ్యకి కాదని. మా నాన్న నేర్పిన లెక్క ఇంకా నా చేతిలో ఉందో పోయిందో చూసుకోవాలంటేనే భయం బాబూ, అందుకే ఆ బ్యాటరీని దాచుకున్నాను అన్నారు.

మధ్యాహ్నమంతా లెక్కలు నడిచాయి. అబ్బాయి జాతకం ముందు వేశారు. నక్షత్రం చిత్త అని తేలింది. ఒక్కోచోట ఆగిపోయేవారు, కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టేవారు, మళ్లీ సాగేవారు. నా తప్పుకి ప్రాయశ్చిత్తంగా నేను పక్కన కూర్చున్నాను. ఆయన అద్దాలకి పంచాంగంలో సన్నక్షరాలు ఆనడం లేదు కాబట్టి, ఫోన్ దీపం వేసి చదివి వినిపించే ఉద్యోగం అడిగి తీసుకున్నాను.

మౌనిక పుట్టిన తేదీ చెప్పి, ఆ రోజు నక్షత్రం చూడండి బాబూ అన్నారు. నేను పేజీలు తిప్పి వేలు పెట్టి చదివాను. మృగశిర.

ఆయన కలం ఆగింది. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. మృగశిరే. పలక మీద ఏదో వేసి చూసుకుని, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏమైందయ్యగారూ?" అంది బాలమణి.

"చిత్తకీ మృగశిరకీ నాడి ఒక్కటేనమ్మా. ఏకనాడి దోషం అంటారు. ఇలా వస్తే పెళ్లి చెయ్యమని నేను చెప్పలేను."

"పోయిన వారం మంచిగున్నయని మీరే అంటిరి గద."

"యంత్రం చెప్పింది, నేను అన్నాను. ఇప్పుడు నా చెయ్యి ఇంకో మాట చెప్తోంది. నా చెయ్యే తప్పయి ఉండచ్చు. కానీ ఆయన ముందు నేను నా చేత్తో వేసిందే పెట్టాలి."

బాలమణి ఫోన్ ఒకసారి మోగింది, చూసింది, ఎత్తలేదు. కూతురే అయుంటుంది. ఒక పిల్లకి ఇంటి దగ్గర కూర్చుని తల్లి నోటి మాట కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నేను అంతవరకూ ఆలోచించలేదు. నా బొత్తాం బ్యాటరీ ఇంత దూరం వచ్చి ఆ పిల్ల మీద పడుతుందని అనుకోలేదు. నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

శాస్త్రి గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఏదీ ఆ పంచాంగం ఇలా ఇవ్వండి అన్నారు. పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి ముక్కుకి ఆనించుకున్నారు. తేదీ దగ్గర వేలు పెట్టి, వరస వెంబడి ఎడమనుంచి కుడికి మెల్లగా జరిపారు. వేలు ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి జరిపారు. తర్వాత పుస్తకం మీదనుంచి తలెత్తి నన్ను చూశారు.

"బాబూ, మీరు మర్నాటి వరస చదివారు. ఆ పిల్ల పుట్టిన రోజుది రోహిణి."

పొద్దున్నే ఒక కంప్యూటర్‌కి ఈ రోజు తేదీ ఏమిటో నేర్పించిన మనిషిని నేను. మధ్యాహ్నానికి ఒక కాగితం మీద తేదీకి ఎదురుగా ఉన్న వరస చదవలేకపోయాను. బాలమణి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సారూ, మీరు గా అరుగు మీద కూసోన్రి. మీ దండం పెడుత, ఇగ దేన్నీ ముట్టకున్రి," అంది. అరుగు మీద కూర్చున్నాను. కొంచెం సేపటికి మనసు కరిగిందేమో, సర్వపిండి ముక్కొకటి తెచ్చి చేతిలో పెట్టింది. అది మాత్రం సరిగ్గా తిన్నాను.

రోహిణితో లెక్క సాఫీగా సాగింది, నాడులు వేరని తేలింది. శాస్త్రి గారి గొంతు కూడా మారింది. మొదట గొణుక్కుంటున్న శ్లోకాలు రానురాను అరుగు దాకా వినిపించాయి. సాయంత్రానికి రెండు జాతకాలూ తెల్లకాగితాల మీద నల్లసిరాతో పూర్తయ్యాయి, నాలుగు మూలలా పసుపు పెట్టారు.

మల్లయ్య వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా కూర్చుని కాగితాలు చేతికి తీసుకున్నాడు. చక్రాలు చూశాడు. సిరా మీద వేలితో మెల్లగా రుద్ది చూశాడు. బాలమణి చీర కొంగు నోటి దగ్గర పట్టుకుని నిలబడింది.

"గివి మిషన్ల తీసినయ్ గాదా అయ్యగారూ?"

"కాదు. నేనే వేశాను. యంత్రం పాడైంది." పాడు చేసిన యంత్రాంగం అరుగు మీద కూర్చుని ఉందని ఆయన చెప్పలేదు. అది ఆయన పెద్దమనసు.

మల్లయ్య కాగితాలు మడవకుండా ఒళ్లో పరుచుకున్నాడు. "మా నాయిన జాతకం గిట్లనే ఉండె, పసుపు వెట్టి. పోరగాళ్లు మిషన్ల మంచిగొచ్చినయంటే నాకు మనసున వట్టలే, గందుకే నేను సూసేదాంక మాటియ్యనన్న," అని బాలమణి వైపు తిరిగాడు. "అక్కా, ఇగ పరేషాన్ గాకు. తుర్కపల్లికి నేను పోత లేను. ముహూర్తం సూడమను."

బాలమణి అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత ఫోన్ తీసి కూతురికి చేసింది. అవతలివైపు ఏమన్నారో వినబడలేదు, ఈ వైపు ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ "అయిందే, అయింది" అని మాత్రమే అంటోంది.

నెట్ కోసం నేను పడ్డ కష్టమంతా ఫలించి, జాతకం మెయిల్లో వెళ్లి, మిషన్ మీద ప్రింటయి వచ్చి ఉంటే మల్లయ్య మొహం ఎలా ఉండేదో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఆ లెక్కన ఈ పెళ్లి నా వల్లే కుదిరిందని మా ఆవిడతో ఒకసారి అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుని బట్టి ఆ వాదన ఇంకెక్కడా చెయ్యలేదు.

పెళ్లయింది. భోజనాల పందిట్లో బాలమణి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి స్వయంగా వడ్డించింది. మైకు సెట్టు దగ్గరికి మాత్రం వెళ్లనివ్వలేదు. ఇక శాస్త్రి గారి దగ్గరికి ఇప్పుడు చేతిరాత జాతకాల కోసం శామీర్‌పేట నుంచి, అటు మేడ్చల్ నుంచి జనం వస్తున్నారు. ఆలస్యమవుతుందంటే ఆగుతామంటున్నారు. పాత కంప్యూటర్ అదే బల్ల మీద, అదే బొట్లతో ఉంది. కొత్త బ్యాటరీ మళ్లీ బిగించమని ఆయనే అడిగారు. నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, అందులో చేసే పని మాత్రం ఏమీ లేదు. తేదీ చూసుకోవడానికి వాడుతున్నారు.

కథ ఇక్కడితో ఆపేసి ఉంటే నా మర్యాద కొంచెమైనా మిగిలేది. కానీ మా ఆవిడ ఊరుకోలేదు. ఈయనకి యంత్రాల గండం ఏదైనా ఉందేమో మీ చేత్తో ఒకసారి చూడండి అని నన్ను శాస్త్రి గారి ముందు కూర్చోబెట్టింది. ఆయన పలక తీసి, కళ్లజోడు సర్దుకుని, పుట్టిన తేదీ చెప్పండి బాబూ అన్నారు.

"ఏ తేదీ అండీ?" అన్నాను.

"పుట్టిన తేదీలు మీకెన్ని ఉన్నాయి?"

రెండున్నాయి. మీలో చాలామందికి కూడా ఉండే ఉంటాయి. నేను పుట్టింది అక్టోబరులో. బళ్లో వేసిన రోజున వయసు కొన్ని నెలలు చాల్లేదు. హెడ్మాస్టరు గారు మా నాన్న మొహం చూసి జాలిపడి, జూన్ ఒకటి అని రాసేశారు. అప్పట్నుంచి పదో తరగతి సర్టిఫికెట్లో, ఆధార్‌లో, ఉద్యోగంలో, అన్నిట్లోనూ నేను జూన్ ఒకటిన పుట్టినవాణ్ణే. ఆ సంగతి చెప్పాను.

శాస్త్రి గారు కలం పలక మీద పెట్టేశారు. "అంటే మీ తేదీ తప్పన్నమాట. ఇన్నేళ్లూ దిద్దించుకోలేదేం?"

"దిద్దితే ఎలాగండీ?" అన్నాను కంగారుగా. "సర్టిఫికెట్లకి ఆధార్ కలవదు, ఆధార్‌కి బ్యాంకు కలవదు, ఉద్యోగం దగ్గర జీతమే ఆగిపోతుంది. అది అలా ఉండబట్టే అన్నీ నడుస్తున్నాయి. దాన్ని ముట్టుకోకూడదు."

అన్నాక విన్నాను, నేనేమన్నానో. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. శాస్త్రి గారు నవ్వలేదు. బల్ల మీదున్న కంప్యూటర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కలం తీసుకుని అక్టోబరు నుంచి లెక్క మొదలుపెట్టారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరింట్లోనైనా, ఏ యంత్రంలోనైనా తేదీ పదిహేనేళ్లు వెనకున్నా, వందేళ్లు ముందున్నా, అది అలా ఎందుకుందో ఆ ఇంటివాళ్లని కూర్చోబెట్టి అడిగి, పూర్తిగా విని, ఆ తర్వాత కూడా దాన్ని ముట్టుకోను. నా పుట్టినరోజు సాక్షిగా చెప్తున్నాను. ఏ పుట్టినరోజని మాత్రం అడక్కండి.